గంజి పెట్టిన శనివారాలు

అది మొదలైంది క్రిస్మస్ సెలవులు అయ్యాక వచ్చిన మొదటి శనివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. బందరులో మా మేనత్త ఇంటి పెరట్లో గంజి బేసిను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. నిమిషాలతో సహా ఎలా చెప్పగలుగుతున్నానంటే, మావయ్య మోటారు సైకిలుకు సంబంధించిన ప్రతిదీ నేను టైము వేసి ఒక నోట్‌బుక్కులో రాసేదాన్ని. ఆ రోజు పేజీలో "3-20. ట్యూనింగు మొదలు" అని ఉంది. అదే నిమిషంలో నేను చేస్తున్న పని సంగతి మాత్రం ఆ పేజీలో లేదు. నేను యాభై ఐదేళ్ళ తర్వాత తెలుసుకున్నదంతా ఆ రాయని పని గురించే.

మా నాన్నది పెడనలో అద్దకం పని. నన్ను బందరులో ఆడపిల్లల హాస్టలులో వేసి చదివించారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా హాస్టలు, శని ఆదివారాలు నాన్న చెల్లెలు, అంటే మా అత్తయ్య ఇల్లు. వేసవి సెలవుల్లో కూడా అక్కడే, వారం మధ్యలో పక్కింటివాళ్ళ అండలో ఉండేదాన్ని. పెడనలో మా ఇంట్లో అచ్చుబల్లలకు పోను మనుషులకు మిగిలే చోటు తక్కువ. అత్తయ్య ఆసుపత్రిలో నర్సు. కాన్పులు చూసేది. సోమవారం పొద్దున ఆరింటికి మావయ్య బండి వెనక కూర్చుని దివిసీమ వెళ్ళేది. అవనిగడ్డలో బస. అక్కడినుంచి చుట్టుపక్కల ఊళ్ళు, నాగాయలంక, ఆ పైన సముద్రం ఒడ్డున ఒక చేపలవాళ్ళ పల్లె. శుక్రవారం సాయంత్రానికి మళ్ళీ బందరు. మావయ్య హార్మోనియంలు బాగు చేసేవాడు. దివిసీమలో చర్చి ఉన్న ప్రతి ఊళ్ళోనూ హార్మోనియం ఉండేది, ఉప్పుగాలికి దాని రీడ్లు తుప్పు పట్టేవి. కాబట్టి అత్తయ్య ఒక ఇంట్లో బిడ్డ ఏడుపు కోసం ఎదురుచూస్తుంటే, మావయ్య పక్క వీధిలో రీడ్లు అరగదీస్తూ ఉండేవాడు. ఇద్దరికీ పని, ఇద్దరికీ ఒకటే బండి. ఇలాంటి ఏర్పాటు ఇంకో ఇంట్లో నేను చూడలేదు.

ఆ బండి మావయ్య కంటే పాతది. రెండు సిలిండర్లు, వాటికి రెండు కార్బొరేటర్లు, రెంటికీ కలిపి గాలి పీల్చుకునే ఒక రేకు డబ్బా. మీటరు మైళ్ళలో ఉండేది. నేను కిలోమీటర్లలోకి మార్చి రాసేదాన్ని. మావయ్యకు అది నచ్చేది కాదు. "మైలు మైలే. దాన్ని విరగ్గొట్టి నలిపి ఎందుకు రాస్తావ్?" అనేవాడు. రెండు కార్బొరేటర్లూ ఒకే మోతాదులో గాలి పీల్చాలి. లేకపోతే ఒక సిలిండరు లాగుతుంటే రెండోది నిద్రపోతుంది. వాటిని కలపడానికి మెకానిక్కులు పరికరాలు వాడతారట. మావయ్య పరికరం మావయ్య చెవి. ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక కార్బొరేటరు నోటి దగ్గర, తర్వాత రెండోదాని దగ్గర పెట్టి బుసను వినేవాడు. రెండు బుసలూ ఒకే శ్రుతిలో వచ్చేదాకా స్క్రూ తిప్పేవాడు. ఈ పనికి ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడు కాదు. కోళ్ళను కూడా పక్కింటి దొడ్లోకి తోలించేవాడు.

"అవేం చేశాయండీ పాపం?" అనేది అత్తయ్య.

"అవి శ్రుతి తప్పి కూస్తాయి నర్సమ్మగారూ. నా చెవి పాడవుద్ది."

పెళ్ళినాటినుంచీ అత్తయ్యను ఆయన నర్సమ్మగారూ అనే పిలిచాడు. ఆసుపత్రిలో ఆమెకు ఎంత గౌరవం దక్కిందో నాకు తెలియదు, ఇంట్లో మాత్రం దక్కింది.

మా శనివారాలకు ఒక వరస ఉండేది. పొద్దున అత్తయ్య చీరలు ఉతకడం. వారానికి ఐదు తెల్లచీరలు. మధ్యాహ్నం అన్నం వార్చిన గంజిని గుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు వేసి, చీరలు ముంచి పిండి తీగ మీద ఆరేయడం నా పని. గంజిలో ఉండలు లేకుండా వడగట్టడంలో నాకు పేరుండేది. అత్తయ్య చీర నడుస్తుంటే తాటాకులా చప్పుడు చేయాలి. "ఆ చప్పుడు వింటే నొప్పులు పడుతున్న పిల్లకి కాస్త ధైర్యం. నర్సు వచ్చిందని తెలుస్తుంది" అనేది. పెరడంతా ఉడికిన బియ్యం వాసన, పక్కన మావయ్య దగ్గర పెట్రోలు వాసన. ఇప్పటికీ ఈ రెండు వాసనలూ ఎక్కడైనా కలిస్తే నాకు శనివారం అనిపిస్తుంది.

ఆ జనవరిలో కుప్పనూర్పుళ్ళు. దారి పొడుగునా వరి కంకులు రోడ్డు మీద పరిచేవారు, బండ్లు తొక్కుకుంటూ పోవాలని. ఆ ఊక, దుమ్ము అంతా బండి పీల్చుకుంటోందని, రేకు డబ్బా మూతికి జల్లెడ తప్ప ఏమీ లేదని మావయ్య బాధపడ్డాడు. నేను పెడన నుంచి తెచ్చుకున్న అచ్చు తప్పిన గుడ్డముక్క ఒకటి నా పెట్టెలో ఉంది. రంగు పట్టాలని కరక్కాయ నీళ్ళు తాగించిన గుడ్డ, మామూలు గుడ్డ కంటే మందం. దాన్ని రెండు మడతలు వేసి, అంచున నాడా దోపి, డబ్బా మూతికి సరిగ్గా సరిపోయే తొడుగు కుట్టాను. ఎర్ర పువ్వులు, నల్ల తీగలు.

"బండికి లంగా కుట్టావే!" అన్నాడు మావయ్య. ఆ వారమంతా దారిలో కనిపించిన ప్రతివాడికీ చూపించాడట.

ఒక పని మొదలుపెడితే దాన్ని సగంలో వదిలే మనిషిని కాను. తొడుగు వారం తిరిగేసరికి మాసిపోతుంది. మాసినదాన్ని ఉతకాలి. ఉతికినదానికి గంజి పెట్టాలి. మా ఇంట్లో గంజి పెట్టకుండా తీగ మీదకు ఎక్కిన బట్ట లేదు. ప్రతి శనివారం ఐదు చీరల తర్వాత ఆరోది ఆ తొడుగు. మొదట చెప్పిన శనివారం మూడూ ఇరవైకి నేను బేసినులో ముంచింది దాన్నే. కుట్టిన వెంటనే, బండికి ఎక్కించకముందే, కొత్త బట్టకు పెట్టినట్టు గంజి పెట్టాను. అది ఆరేలోపు మావయ్య బండిని ట్యూను చేసేసేవాడు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక నేను దాన్ని అట్టలా గట్టిగా తెచ్చి డబ్బాకు తొడిగి నాడా బిగించేదాన్ని. మావయ్య చిటికెన వేలితో దాని మీద కొట్టి, "డప్పులా ఉంది" అని మెచ్చుకునేవాడు.

ఆ సోమవారం నుంచే బండి నల్లగా పొగ వదలడం మొదలుపెట్టింది. అప్పటికే లోపలికి పోయిన ఊక పనే అనుకున్నాం. పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. మెకానిక్కులు రిచ్ కొడుతోంది అంటారు. ప్లగ్గులు మసి పట్టి ఆగిపోయేవి. అత్తయ్య తెల్లచీర వెనక భాగం సోమవారం చల్లపల్లి చేరేలోపే బూడిద రంగుకు వచ్చేది.

"అది హార్మోనియం కాదండీ, రీడ్లు కలిస్తే పాడటానికి. పొయ్యి. కట్టెలు తడిశాయేమో చూడండి" అనేది అత్తయ్య.

"కలిశాయి నర్సమ్మగారూ. రెండూ ఒకటే శ్రుతి. నా చెవి మీద ఒట్టు."

"మీ చెవి బాగానే ఉంది. నా చీరే బాగాలేదు."

ఇక్కడ అసలు చిక్కు చెప్పాలి. ఆసుపత్రి చీటీ మీద వారానికి పది లీటర్లు పెట్రోలు ఇచ్చేవారు. అంతకు మించి ఇవ్వరు, ట్యాంకులో పట్టేదీ అంతే. దివిసీమ లోపల మాకు తెలిసిన బంకు లేదు. సీసాల్లో అమ్మేదానిలో కిరసనాయిలు కలిసేది, దాన్ని మావయ్య బండికి తాగించేవాడు కాదు. బండి మామూలుగా లీటరుకు ముప్పై కిలోమీటర్లు ఇచ్చేది. వారం చుట్టు రెండు వందల డెబ్భై. పది లీటర్లకు మూడు వందలు, ముప్పై మిగులు. ఆ మిగులుతో శనివారం సాయంత్రం ముగ్గురం మంగినపూడి వెళ్ళి సముద్రం చూసి వచ్చేవాళ్ళం. ఇప్పుడు సగటు ఇరవై నాలుగుకు పడిపోయింది. పది లీటర్లకు రెండు వందల నలభై. ముప్పై తక్కువ. నాగాయలంక నుంచి ఆ చివరి చేపల పల్లెకు పోను పదిహేను, రాను పదిహేను. మావయ్య చెవి, నా లెక్క, అన్నీ కలిసి సరిగ్గా ఆ పల్లెకు ఇవతలే ఆగిపోయాయి.

మంగినపూడి పోతే పోయింది. ఆ పల్లెలో ఆడవాళ్ళు మాత్రం అత్తయ్య వచ్చే రోజు చూసుకుని గుమ్మాల్లో నుంచునేవాళ్ళు. కొన్నిసార్లు పడవ దొరికితే పడవలో వెళ్ళింది. పడవ ఆటుపోట్లను బట్టి కదులుతుంది, నొప్పులు దాని కోసం ఆగవు.

మావయ్య కోసం నేను వెదురుపుల్ల ఒకటి గాట్లు పెట్టి ఇచ్చాను. రోజూ ట్యాంకులో ముంచి తడి ఎంతవరకు వచ్చిందో, మీటరు అంకె ఎంతో చీటీ మీద రాసుకుని శుక్రవారం నాకు ఇవ్వాలి. పాపం, ఎగ్గొట్టకుండా రాసేవాడు. నేను నోట్‌బుక్కులో గళ్ళు గీసి ఎక్కించేదాన్ని. ఆ గళ్ళు ఎంత ముచ్చటగా ఉండేవంటే, వాటిని చూసి మురిసిపోవడంలోనే నా తెలివంతా ఖర్చయింది. చదవడానికి మిగల్లేదు.

ఒకసారి సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకుని గుడివాడలో పేరున్న మెకానిక్కు దగ్గరకు వెళ్ళాం. ఆదివారం ప్రార్థనకు పోవాలి కాబట్టి శనివారమే వెళ్ళాం. పొద్దున్నే తొడుగు ఉతికి, గంజి పెట్టి తీగ మీద వేసి బయల్దేరాను. దారి పొడుగునా బండి చుక్క పొగ వదల్లేదు. గుడివాడలో ఆ మెకానిక్కు దాన్ని అటూ ఇటూ నడిపి, ప్లగ్గులు విప్పి చూసి, మావయ్య వైపు జాలిగా చూశాడు.

"ఏముందండీ దీనికి? పాడుతోంది కదా."

"సోమవారం చూడాలి మీరు."

"సోమవారం దీనికి మీరేమన్నా తాగిస్తున్నారా అండీ?"

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు. ఇంటికి రాగానే అత్తయ్య, "డాక్టరు ముందు జ్వరం తగ్గిందా మీ దానికి? దానికి నేనంటేనే పడదు లెండి" అంది. ఆదివారం నేను ఆరిన తొడుగు తెచ్చి తొడిగాను. సోమవారం పొగ.

నలభై ఒక్క వారాలు ఇలా నడిచింది. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. బండి తరచు ఆగుతోంది కాబట్టి వచ్చే నెల నుంచి నర్సు బస్సులో వెళ్ళాలి, తోడు ఆయా వస్తుంది, బస్సు పోని ఊళ్ళు చుట్టులోంచి తీసేశారు. అత్తయ్య చదివి మడిచి దిండు కింద పెట్టింది. మావయ్య బండిని తనే తోసుకుంటూ వెళ్ళి వెనక పాకలో పెట్టాడు. తొడుగు విప్పి, మడిచి, పనిముట్ల డబ్బాలో దాచాడు. గోనెపట్టా కప్పాడు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు.

ఆ తర్వాత ఆయనలో ఒక మార్పు వచ్చింది. దాన్ని అందరికంటే ముందు చూసింది నేనే అనుకుంటాను. హార్మోనియం శ్రుతి చేస్తూ తల ఎత్తి నన్ను అడిగాడు: "రెండూ కలిశాయంటావా?" అంతకుముందు ఆ ప్రశ్న ఆయన ఎవరినీ అడగలేదు. నాకు సంగీతం రాదు. "కలిశాయి" అన్నాను. అప్పటినుంచి ప్రతిసారీ ఎవరో ఒకరిని అడిగేవాడు. పాలమనిషిని కూడా అడగటం చూశాను. అత్తయ్య ఆటపట్టించడం మానలేదు. మానితే ఆయన చెవి పోయిందని తను కూడా నమ్మేసినట్టు ఆయనకు తెలిసిపోతుందని భయం కాబోలు.

నేను లెక్కల టీచరునై, ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, రిటైరై బందరులోనే ఉన్నాను. అత్తయ్య పోయి మూడేళ్ళయింది. మావయ్యకు ఎనభై ఏడు. బండి మూలపడ్డాక పుట్టిన కూతురు గుడివాడలో ఉంది, ఆమె ఇంట్లో ఉంటున్నాడు. ఈ ఏడాది ఒక మంగళవారం ఫోను చేశాడు. "లెక్కలమ్మా, బండి లేపాను, రా." కూతురి ఇంటి వీధిలోనే షాపున్న బాజీ అనే మెకానిక్కు, నలభై దాటినవాడు, పాత బండ్లంటే పిచ్చి, దాన్ని బందరు పాకలోంచి తెప్పించి నాలుగు నెలలు కుస్తీ పట్టాడట. నేను పదకొండింటికి చేరాను. మావయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చెవిలో వినికిడి మిషను. బాజీ స్క్రూ తిప్పుతున్నాడు. మావయ్య చేత్తో సైగ చేస్తున్నాడు, ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు. బండి చక్కగా ఆడుతోంది.

"మీకు వినపడుతోందా పెద్దాయనా?" అన్నాడు బాజీ.

"కుర్చీ అదురుతోందిగా, అందులో తెలుస్తోంది."

పనిముట్ల డబ్బాలో నా తొడుగు దొరికింది. గంజి రుచికి వెండిపురుగులు దాన్ని జల్లెడ చేసేశాయి. దాన్ని చేతిలో పట్టుకుని మురిసిపోతున్నాను. అప్పుడు బాజీ, అందరు మెకానిక్కులూ చేసే పనే, గాలి డబ్బా మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఇంజను గొంతు మూసుకుపోయింది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చింది. నేను ఎరిగిన పొగే.

"గాలి మూస్తే అంతేనమ్మా. ఎంత ట్యూను చేసినా పొగే" అన్నాడు చెయ్యి తీస్తూ.

నేను చేతిలో ఉన్న గుడ్డను చూశాను. మందం గుడ్డ, రెండు మడతలు, ఆపైన వడగట్టిన చిక్కటి గంజి. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఒంటిగంట బస్సుకు బందరు వచ్చేశాను.

నోట్‌బుక్కు నా బీరువాలోనే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంది. తీసి గళ్ళు చూశాను. లీటరుకు సోమవారం పంతొమ్మిది కిలోమీటర్లు, బుధవారం ఇరవై నాలుగు, శుక్రవారం ఇరవై తొమ్మిది. తర్వాతి వారం సోమవారం మళ్ళీ పంతొమ్మిది. వారం తర్వాత వారం అదే మెట్లు. ఆదివారం అట్టలా ఉన్న తొడుగు చెమ్మకీ ఉప్పుగాలికీ రోజురోజుకూ మెత్తబడి, శుక్రవారానికి గాలి వదిలేది. శనివారం నేను మళ్ళీ గంజి పెట్టేదాన్ని. అదే శనివారం తొడుగు లేని బండిని మావయ్య ట్యూను చేసేవాడు. ఆ ట్యూనింగుకు వంక లేదు. ఏడో తరగతి పిల్ల ఇలాంటి పట్టిక తెచ్చి కారణం కనిపెట్టలేకపోతే నేను బల్ల మీద నిలబెట్టేదాన్ని.

ఆ ఆదివారం మళ్ళీ గుడివాడ వెళ్ళాను. బస్సులో రెండుసార్లు దిగిపోదామనిపించింది. ఎనభై ఏడేళ్ళ మనిషికి ఇప్పుడు చెప్పి ఏం లాభం? కానీ లెక్క తప్పని తెలిశాక దిద్దకుండా ఉంచడం నాకు చేతకాదు.

"మావయ్యా, అప్పుడు తప్పు నీ చెవిది కాదు. నా గంజిది."

"గంజి ఇప్పుడొద్దమ్మా. టిఫిను అయింది."

నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టి, వేలు పెట్టి చూపిస్తూ, మొదటినుంచీ చెప్పాను. ఆయన సోమవారాల గడి వెంబడి వేలు కిందకు జరుపుకుంటూ పోయాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు.

"అయితే శనివారం నేను చేసింది?"

"సరిగ్గానే ఉంది."

"అన్నిసార్లూ?"

"నలభై ఒక్కసార్లూ."

"నలభై ఒకటికి నలభై ఒకటా!" ముఖం వెలిగిపోయింది. "నీ క్లాసులో ఎవరికన్నా వచ్చాయా అన్ని?"

"నా సర్వీసంతటిలో ఇద్దరికి."

"మూడోవాణ్ణి నన్ను రాసుకో." నోట్‌బుక్కు మూసి, మళ్ళీ అన్నాడు. "ఓసారి, అవనిగడ్డలో, మీ అత్త అంది. ఏమండీ, ఆ గుడ్డ తీసేసి ఓ రోజు నడిపి చూడండి, ఊపిరాడట్లేదేమో దానికి, అని. కాన్పులు చూసే మనిషి కదా, ముందు ఊపిరే చూసుద్ది."

"మరి తియ్యలేదేం?"

"పిల్ల కుట్టింది, బాధపడుద్ది, ఉండనీ అన్నాను. ఆవిడా ఇంకేం అనలా."

నేను ఇంటికి వచ్చి నోట్‌బుక్కు చివరి పేజీలో నష్టం వేశాను. ఊరికే కాలిన పెట్రోలు ఎనభై రెండు లీటర్లు. మసి పట్టి పారేసిన ప్లగ్గులు పదకొండు. చివరి పల్లెకు అత్తయ్య వెళ్ళవలసిన వారాలు నలభై ఒకటి, పడవలో వెళ్ళినవి ఏడు, వెళ్ళనివి ముప్పై నాలుగు. ఆ రోజుల్లో అక్కడ పుట్టిన పిల్లలు తొమ్మిదిమంది, అత్తయ్య చేతుల్లోకి వచ్చినవాళ్ళు ఇద్దరు. తొమ్మిదిమందీ బతికారు, అది మా గొప్ప కాదు. ఇద్దరూ ఒకే బండి మీద దివిసీమ తిరిగిన వారాలు, ఆ తర్వాత ఒక్కటీ లేదు. మావయ్య ఎవరినీ అడగకుండా తన చెవిని నమ్మిన రోజులు, ఆ తర్వాత యాభై నాలుగేళ్ళపాటు ఒక్కటీ లేదు. ఊపిరాడట్లేదేమో అన్న మాట సరైనదేనని అత్తయ్యకు చెప్పడానికి ఈ గళ్ళు బీరువాలో పెట్టుకుని నాకు ఉన్నవి యాభై ఒక్క ఏళ్ళు. చెప్పలేదు.